సూదీ దారం లేని అల్లిక

మీ ఇంట్లో దోశల పెనం ఉంది కదూ? నాన్‌స్టిక్‌ది కాదండీ, ఇనుప పెనం. దాని అంచున మాడిన పిండి మొండికేసి కూర్చుంటే మీరు దేనితో తోముతారు? కొబ్బరి పీచుతోనా, స్టీలు పీచుతోనా? మా ఇంట్లో మాత్రం ఈమధ్య కవచంతో తోముతున్నాం. నవ్వకండి మరి! పాతకాలం రాజులు యుద్ధానికి తొడుక్కుపోయే ఇనుప కవచమే. కాకపోతే మాది అరచెయ్యంత ముక్క. దాన్ని అల్లింది నేనే.

మాది కోటగిరి. నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుంటే మా ఊరు. ఇంకాస్త ముందుకు పోతే మహారాష్ట్రే. అందుకే మా అంగడిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ కలిపి బేరమాడతాం. ఒక పక్క మంజీర, మరో పక్క నిజాంసాగర్ కాలువల కింద వరి పొలాలు. నా చిన్నతనంలో మాత్రం ఎటు చూసినా చెరకు తోటలే. చలికాలం వచ్చిందంటే రోడ్డంతా చెరకు బండ్లు, ట్రాక్టర్లు. వెనకాల పరుగెత్తి గడలు గుంజుకోవడం మా ఆట. ఆ చెరకంతా బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి పోయేది. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని మా బాపు గొప్పగా చెప్పేవాడు. 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు మా వైపు పొలాలు ఎక్కువగా వరికే మళ్ళాయి.

ఈ చెరకు సంగతి ఎందుకు చెప్పానంటే, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఏడు పంట బాగా వచ్చి, చెరకు బిల్లు చేతికందగానే బాపు మా అమ్మకి వెండి పట్టాగొలుసులు చేయించాడు. దాని కథ తర్వాత చెబుతాను. చెప్పక తప్పదు కూడా.

కిందటి వేసవిలో మా చెల్లెలి పిల్లలతో కలిసి హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయాం. మీలో చాలామంది చూసే ఉంటారు. 1951లో దివాన్ దేవిడీలో తెరిచారట, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. వెళ్ళేవాళ్ళు శుక్రవారం మాత్రం పోకండి, ఆ రోజు సెలవు. అందరిలాగే మేమూ మేలిముసుగు రెబెక్కా బొమ్మ చూశాం, గడియారంలోంచి బొమ్మ వచ్చి గంటలు కొడుతుంటే నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. ఆయుధాల గదిలోకి మగపిల్లలు పరుగెత్తారు. కత్తులు, బరిసెలు నాకెందుకులే అని మెల్లగా వెనక నడుస్తున్నదాన్ని, ఒక అద్దాల బీరువా ముందు ఆగిపోయాను.

లోపల ఇనుప చొక్కా వేలాడదీసి ఉంది. రేకుతో చేసినది కాదు. చిన్న చిన్న ఇనుప ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, బట్ట నేసినట్టు అల్లారు. మడతలు కూడా బట్టలాగే పడ్డాయి. నేను క్రోషియా అల్లాను, స్వెట్టర్లల్లాను, ప్లాస్టిక్ వైరు బుట్టలు ఊరందరికీ అల్లి పెట్టాను. ఇది కూడా అల్లికే కదా! సూది లేదు, దారం లేదు, అంతే తేడా. ఇంకో సంగతి, ఆ అల్లిక చూడగానే నాకు మా అమ్మ పట్టాగొలుసు గుర్తుకొచ్చింది. కాలి చుట్టూ పట్టీలాగా వెడల్పుగా, ఉంగరంలో ఉంగరంగా ఉండేది. మా వారు "రావే, అక్కడే ఇల్లు కడతవా ఏంది" అని పిలిచేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఫోన్లో చూసి ఎన్నో సంగతులు చదివి వినిపించింది. పాత తెలుగులో ఇలాంటి కవచాన్ని "జోడు" అనేవాళ్ళట. చెప్పుల జోడు కాదండోయ్! ఒక చొక్కాకి ఇరవై ముప్పై వేల ఉంగరాలు పట్టేవట, పది కిలోల దాకా బరువు తూగేదట. యుద్ధానికి పనికొచ్చే మంచి కవచంలో ప్రతి ఉంగరం రెండు కొసలనీ చదును చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బెజ్జం కొట్టి, చిన్న మేకుతో బిగించేవాళ్ళు. ముప్పై వేల సార్లు! ఏ చేతులు చేశాయో, ఒక్కరి పేరు కూడా ఆ బీరువాలో లేదు. తొడుక్కున్నవాళ్ళ పేర్లే మనకి తెలుస్తాయి.

మన ఆదోని కోటకీ వీటికీ సంబంధం ఉంది. 1680ల చివర ఔరంగజేబు సైన్యం ఆదోనిని పట్టుకున్నప్పుడు, బికనేరు రాజు అనూప్‌సింగ్ అక్కడి ఆయుధాలనీ కవచాలనీ రాజస్థాన్ తీసుకుపోయాడు. వాటిమీద చుక్కలు చుక్కలుగా పొడిచి నాగరి అక్షరాల్లో గుర్తులు వేయించారు. మనం కొత్త గిన్నెల మీద పేర్లు కొట్టించుకోమూ, అచ్చం అలాగే! వాటిలో కొన్ని ఇప్పుడు విదేశాల మ్యూజియాల్లో ఉన్నాయి. ఇంకో ముచ్చట విన్నారంటే మీకు సంబరమవుతుంది. ఇనుప ఉంగరాల మధ్య ఇత్తడి, రాగి ఉంగరాలు కలిపి డైమండు గళ్ళు వచ్చేలా అల్లిన కవచాలున్నాయి. వాటిని "గంగా జమునా" అల్లిక అంటారు. మన గంగా జమునా అంచు చీరల్లాగే, రెండు రంగులన్నమాట. పోట్లాటకి పోతూ కూడా మ్యాచింగ్ చూసుకున్నారు మగమహారాజులు!

సరే, చూసి ఊరుకుంటే నేనెందుకవుతాను? మొదట ఇంట్లో ఉన్న బైండింగ్ వైరుతో మొదలుపెట్టాను. అదేనండీ, స్లాబు వేసేటప్పుడు సలాకలు కట్టే నల్ల తీగ. మెత్తగా వంగుతుంది, చవక. కానీ చేతులు బొగ్గు పట్టుకున్నట్టయ్యాయి, రెండు రోజుల్లో తుప్పు పట్టింది. అప్పుడు మా వీధి చివరి అవుసుల తాత దగ్గరికి పోయాను. ఎనభై దగ్గరపడ్డ మనిషి. కొత్త నగలన్నీ టౌను షాపుల్లోనే కొంటున్నారు కాబట్టి ఇప్పుడాయన దగ్గరికి వచ్చేది తెగిన పుస్తెలతాళ్ళు, ఊడిన మెట్టెలు మాత్రమే.

"ఇనుప తీగతోటి నీకేం పని బిడ్డా? వైరు బుట్టలల్లుడు బందయిందా?" అన్నాడు.

సంగతి చెబితే పక్కున నవ్వాడు గానీ, కుంపటి పక్కనున్న పెట్టెలోంచి కమ్మచ్చు తీసి చూపించాడు. ఉక్కు పలకకి వరసగా బెజ్జాలుంటాయి, పెద్దదానినుంచి సన్నదాని దాకా. వెండి తీగని పెద్ద బెజ్జంలోంచి గుంజి, తర్వాత చిన్నదాంట్లోంచి, ఆ తర్వాత ఇంకా చిన్నదాంట్లోంచి గుంజుతూ పోతే సన్నబడుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి, లేకపోతే తునిగిపోతుంది. ఇనుప కవచాలకి కూడా తీగ ఇట్లాగే తీసేవాళ్ళట. నాకంత కష్టం అక్కర్లేదని, "అల్మినం తీగతోటి నేర్చుకో, చెయ్యి తిరిగినంక స్టీలు ముట్టుకో" అని చెప్పి పంపాడు.

ఎలా చేయాలో చెబుతాను, ఓపిక ఉన్నవాళ్ళు ప్రయత్నించండి. 16 గేజి అల్యూమినియం తీగ ఐదారు మీటర్లు కొనండి. 8 మిల్లీమీటర్ల లావున్న ఇనుప కడ్డీ ఒకటి. లావైన స్వెట్టరు సూది ఉన్నా సరే. తీగని కడ్డీకి వరసగా, సందు లేకుండా చుట్టండి. బయటికి లాగితే స్ప్రింగులా వస్తుంది. దాన్ని ఒక వైపున వరసగా కత్తిరిస్తే ఉంగరాలు రాలతాయి. మీటరు తీగకి సుమారు ముప్పై వస్తాయి. కత్తిరించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. తీగ ముక్కలు ఎగిరి కళ్ళలో పడతాయి, నాకు కనురెప్ప మీద తగిలింది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తీగ లావుకీ ఉంగరం లోపలి వెడల్పుకీ లెక్క ఉంది. తీగ ఎంత లావుంటే లోపలి వెడల్పు దానికి ఐదింతలు ఉండాలి. అంతకన్నా బాగా తగ్గితే ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి పట్టవు, పెరిగితే వలలాగా జారిపోతుంది. నేను మొదట చూపుడువేలంత లావున్న కర్రకి చుట్టి చేశాను, అది కవచంలా కాదు, చేపల వలలా వచ్చింది.

ఇక అల్లిక. ప్రతి ఉంగరంలోంచీ నాలుగు ఉంగరాలు పోవాలి, అదీ కీలకం. నాలుగు ఉంగరాలు మూసి పెట్టుకోండి. ఐదోదాన్ని తెరిచి, ఆ నాలుగింటినీ దానికి ఎక్కించి మూసేయండి. బల్ల మీద పరిచి, రెండు పైకి, రెండు కిందికి విప్పితే ముగ్గులో పువ్వులా ఉంటుంది. ఇలాంటి పూలు కొన్ని చేసుకుని, ఒక పువ్వు కింది రెండింటినీ ఇంకో పువ్వు పై రెండింటినీ ఒక కొత్త ఉంగరంతో కలపండి. పొడుగ్గా పట్టీ తయారవుతుంది. పట్టీని పట్టీతో కలిపితే గుడ్డ. రాసినంత సులువు కాదులెండి. ఒక వరసలో ఉంగరాలన్నీ ఒకే వైపు వాలి ఉండాలి, పక్క వరస అటు వైపు వాలాలి. గాలికి ఒక చాలు చెరకు తూర్పుకీ, పక్క చాలు పడమరకీ ఒరిగిందనుకోండి, అట్లా. ఒక్క ఉంగరం తప్పు వైపు దూరిందంటే ముక్కంతా మెలికపడి ముద్దవుతుంది. నాకు నాలుగు రాత్రులు అదే పని. టీవీలో సీరియల్ అయిపోయేది, నేను విప్పుతూనే ఉండేదాన్ని.

నెల తర్వాత అరచెయ్యంత ముక్క తీసుకుపోయి తాతకి చూపించాను. దగ్గర దగ్గర నూట యాభై ఉంగరాలు పట్టాయి దానికి. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ముక్కని అటూ ఇటూ పట్టి ఒక్కసారి గుంజాడు. టపటపా పది ఉంగరాలు ఊడి రాలాయి. నా ప్రాణం ఉసూరుమంది.

"ఉంగరం నోరు తెరుస్తవు చూడు, ఆడ్నే తప్పు చేస్తున్నవ్" అన్నాడు.

నేను ఉంగరం కొసల్ని అటొకటి ఇటొకటి లాగి విప్పుతున్నాను, సంచి మూతి తెరిచినట్టు. అలా చేస్తే గుండ్రం పోతుంది, మళ్ళీ ఎంత నొక్కినా కొసలు కలవవు. తలుపు తెరిచినట్టు తెరవాలట. రెండు చేతుల్లో రెండు ప్లేయర్లు పట్టుకుని, ఒక కొసని మన వైపుకి, ఇంకో కొసని అవతలికి తిప్పాలి. మూసేటప్పుడు వెనక్కి తిప్పి, కొంచెం దాటించి, మళ్ళీ సరిచేయాలి. తీగకి వెనక్కి పోయే గుణముంది కాబట్టి, సరిగ్గా కలిసిన చోట ఆపితే చెయ్యి తియ్యగానే సందు పడుతుంది. మూసింతర్వాత గోటితో తడిమి చూడాలి. గోరు ఆగిందంటే సందున్నట్టే. ప్లేయర్ల పళ్ళు ఉంగరాన్ని గీరకుండా కరెంటు టేపు చుట్టుకోమన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన మాటల్లో మాటగా ఇంకోటి అన్నాడు: "వెండి గొలుసులకు గూడ అంతే బిడ్డా. కొండి కాడి ఉంగరానికి టంకం పెట్టరు, రిపేరుకు ఇప్పాలె గద. ఆ ఒక్క ఉంగరం నోరు తెరిసిందంటే గొలుసంత పోయినట్టే."

నేను మాట్లాడకుండా లేచి వచ్చేశాను. ఇప్పుడు మీకు చెప్పాల్సిన కథ ఇదే.

నేను బోధన్‌లో ఇంటర్ చదువుతున్న రోజులు. కాలేజీలో ఫంక్షను. అమ్మ పట్టాగొలుసులు పెట్టుకుపోతానని ఏడ్చి సాధించాను. పొద్దున పెట్టుకునేటప్పుడే ఎడమకాలి గొలుసుకి కొండి దగ్గర ఉంగరం కొంచెం విచ్చుకుని ఉండటం చూశాను. చెబితే అమ్మ వద్దంటుంది. అందుకని పంటితో నొక్కి, ఏం కాదులే అని బస్సెక్కాను. సాయంత్రం ఊళ్ళో దిగేసరికి ఒక కాలికే గొలుసుంది. "ఎట్ల పోయింది?" అని అమ్మ అడిగితే, "ఏమో, నాకు తెల్వది" అన్నాను. బస్సు దిగిన దగ్గరి నుంచి ఇంటి దాకా అమ్మ టార్చి లైటు పట్టుకుని చెరకు ఆకులు తీసి తీసి వెతికింది. తెల్లారి కండక్టరుని అడిగింది. ఆ తర్వాత రెండో గొలుసుని పాత జాకెట్టు గుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టేసింది. ఎవరైనా అడిగితే, "ఒంటి కాలికి ఏం పెట్టుకుంట?" అని నవ్వేది. నన్ను ఒక్క మాట అనలేదు. మళ్ళీ కాళ్ళకి వెండి పెట్టలేదు. మూడేళ్ళ కిందట అమ్మ పోయింది. నేను చూశానన్న సంగతి ఆమెకి చెప్పనే లేదు.

ఆ రాత్రి మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టె తీసి ఆ ఒంటి గొలుసు బయట పెట్టుకున్నాను. చూసి మళ్ళీ లోపల పెట్టేశాను. దాన్ని ముట్టుకునేటంత చెయ్యి నాకింకా తిరగలేదు.

అల్యూమినియంతో చెయ్యి కుదిరాక నిజామాబాద్ నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు తీగ తెప్పించుకున్నాను. అబ్బో, అది మన మాట వినదు! ఉంగరాలు చుట్టడానికే మా వారు ఒక పక్క, నేనొక పక్క. అరచేతుల్లో బొబ్బలు. అయినా పెనం తోమే ముక్క తయారుచేసి, గర్వంగా వంటింట్లో మేకుకి తగిలించాను. రెండో వారంలో ఏమైందో వినండి. అత్తమ్మ పప్పన్నం తింటూ "కట్" మని ఆగిపోయింది. నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టింది. ఉంగరం! పప్పు గిన్నె అడుగంటితే ఆ ముక్కతోనే తోమాను, ఒకటి ఊడి గిన్నెలోనే ఉండిపోయింది.

"నీ అల్లిక సల్లగుండ, నా పన్ను ఊడేది గదనే!" అంది అత్తమ్మ. ఆమె నవ్వేసింది గానీ నాకు కాళ్ళలో వణుకు పుట్టింది. అది చిన్నపిల్లల గొంతులో పడి ఉంటే? ఆ పూట ముక్కంతా విప్పి, నూట యాభై ఉంగరాలూ ఒక్కొక్కటిగా గోటితో తడిమాను. పదకొండింటికి సందులున్నాయి. ఒక్కదాన్ని కూడా "ఏం కాదులే" అని వదల్లేదు. మీరు చేసుకుంటే, వాడే ముందు ముక్కని గట్టిగా గుంజి చూడండి, తోమాక గిన్నెని ఒకసారి తిరగేసి నీళ్ళతో కడగండి.

ఈ మధ్యలో మా అమ్మాయి ఇంకో కబురు మోసుకొచ్చింది. "అమ్మా, ఉక్కుకి మన జిల్లా ఒకప్పుడు ప్రపంచంలోనే పేరు మోసిందట తెలుసా? కోనసముద్రం అట." మేం కోనసముందర్ అంటాం ఆ ఊరిని. మా కోటగిరి జిల్లాకి పడమటి కొసన ఉంటే, అది తూర్పు కొసన. ఒక ఆదివారం మా వారిని బతిమాలి బయల్దేరదీశాను. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్, వేల్పూర్ క్రాస్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి. పేరులోనే కమ్మరి ఉంది చూశారా! అక్కడి నుంచి లోపలికి పోవాలి. దారి పొడుగునా పసుపు, మక్క చేన్లు. మా వరి పొలాలు చూసిన కళ్ళకి వేరే జిల్లాకి పోయినట్టుంది.

పూర్వం ఆ ఊళ్ళో ఉక్కు ఎట్లా చేసేవాళ్ళంటే, ఇనుము ముక్కల్ని మట్టి మూసలో పెట్టి, బొగ్గయ్యే పదార్థం కలిపి, మూతి మూసేసి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవాళ్ళు. తర్వాత మెల్లగా చల్లార్చేవాళ్ళు. లోపల ఉక్కు ముద్ద తయారయ్యేది. ఆ ముద్దల కోసం పర్షియా దేశం నుంచి వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు. 1820ల ప్రాంతంలో వాయిసీ అనే ఇంగ్లీషాయన ఈ ఊరికొచ్చి చూసి అంతా రాసి పెట్టాడు. అందమైన అలల గీతలుండే డమాస్కస్ కత్తులకి ఇలాంటి దక్షిణాది ఉక్కే మూలం. ఇంగ్లీషువాళ్ళు దీన్ని "వూట్జ్" అన్నారు. మన ఉక్కు అన్న మాటే వాళ్ళ నోట్లో అలా అయిందంటారు. 2010లో బెంగుళూరు నుంచీ ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచీ పండితులు వచ్చి ఉత్తర తెలంగాణ ఊళ్ళన్నీ తిరిగి, చిట్టెం కుప్పలు, మూస పెంకులు లెక్క రాసుకుపోయారు.

నేను ఆ ఊరికి పోయేదాకా ఏమనుకున్నానంటే, ఆ మ్యూజియంలో ఇనుప చొక్కా కూడా మా జిల్లా ఉక్కుతోనే చేసి ఉంటారని. కాదట. ఈ ఉక్కు కత్తులకి. కవచం ఉంగరాలకి మామూలుగా మెత్తని ఇనుమే వాడేవాళ్ళు. ఆలోచిస్తే నిజమే, గట్టి ఉక్కుని నేను ప్లేయరుతో వంచగలనా? స్టీలు తీగే నన్ను ఏడిపించింది! కొంచెం నిరాశ కలిగింది గానీ, అబద్ధపు గొప్ప మనకెందుకు, ఉన్న గొప్ప చాలు.

ఊరి బయట ఒక పెద్దాయన చూపించిన చోట నేలంతా నల్లని రాళ్ళు. రాళ్ళు కావు, చిట్టెం. ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి. ఒకటి చేతిలోకి తీసుకుంటే దోసకాయంత బరువు, నిండా బుడగల బెజ్జాలు. పక్కనే ఒక ఆమె పసుపు చేనులో కలుపు తీస్తోంది. "ఇవెందుకమ్మా, నాగలికి అడ్డం తప్ప దేనికీ పనికిరావు" అంది. దాన్ని ఉన్నచోటనే పెట్టేశాను. మా వారు "తెచ్చుకుంటానంటవేమో అనుకున్న" అన్నారు. ఏమో, తీసుకురావాలనిపించలేదు. అవి అక్కడ ఉంటేనే ఇంకెవరైనా వచ్చి చూస్తారు.

వచ్చేటప్పుడు అంకాపూర్‌లో ఆగి కాల్చిన మక్క కంకులు తిన్నాం, నాటుకోడి కూర పార్సిలు కట్టించుకున్నాం. ఆ దారిలో పోయి అంకాపూర్ కోడి తినకుండా వస్తే మా వైపు మనిషే కాదు! ఆ కూర నాలాంటిది ఇంట్లో వండటానికి రెండుసార్లు చూశాను, ఆ రుచి రాలేదు. వచ్చినప్పుడు రాస్తాను.

పెనం సంగతి ముగిస్తాను. ఈ ఉంగరాల ముక్కతో తోమేటప్పుడు పెనం గోరువెచ్చగా ఉండాలి. కొంచెం వేడినీళ్ళు, చిటికెడు రాళ్ళుప్పు వేసి మెల్లగా తిప్పండి. మాడు ఊడుతుంది, పెనానికి పట్టిన నల్లని నూనె పొర పోదు. వెంటనే తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె చుక్క రాసి పెట్టండి. నాన్‌స్టిక్ పెనానికి దీన్ని దగ్గరికి కూడా తేకండి. జింకు పూత తీగతో చేసింది వంట సామానుకి వద్దు, స్టెయిన్‌లెస్‌దే వాడండి.

మొన్న జూన్‌లో మా అమ్మాయికి హైదరాబాదులో సీటొచ్చింది. పోయే ముందు వారం నేను ఆ జాకెట్టు గుడ్డ మూట విప్పాను. చింతపండుతో తోమితే వెండి తెల్లగా మెరిసింది. ఒంటి గొలుసు కాలికి ఎలాగూ పనికిరాదు. చేతికి చుట్టి చూస్తే ఒకటిన్నర చుట్టు వచ్చింది. నాలుగు ఉంగరాలు విప్పి పొడుగు తగ్గించి, చేతి గొలుసుగా కలిపాను. ఈ కాలం పిల్లలు తూకానికి వేసి కొత్తది కొనమంటారేమో అనుకున్నాను, అది మాత్రం మురిసిపోయింది. కొండి దగ్గరి ఉంగరం మూసి, గోటితో తడిమి, తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అద్దం పెట్టి చూశాడు. గుంజి చూశాడు. ఏమీ ఊడలేదు. "టంకం పెట్టాల్నా?" అని అడిగితే, "అవసరం లేదు. అయినా నీ మనసుకు పెడుత తియ్" అని వెలిగారం అద్ది, ఒక్క ఊదు ఊది పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

గొలుసు చేతికి పెడుతూ అమ్మాయికి ఆ కథంతా చెప్పాను, పంటితో నొక్కింది కూడా. అది ఏమీ అనలేదు, కాసేపు గొలుసు తిప్పుకుంటూ కూర్చుంది. "అమ్మమ్మకి తెలిసే ఉంటది తియ్ అమ్మా" అంది చివరికి. అమ్మ తెలిసి అడగలేదో, తెలియక అడగలేదో, ఇప్పుడెవరిని అడగను?

మొదటి ఆదివారం హాస్టల్ నుంచి ఫోను చేసింది. అన్నం ముద్దగా ఉందట, పప్పులో ఉప్పు లేదట, పక్క మంచం పిల్ల రాత్రంతా లైటు ఆర్పదట. అన్నీ విన్నాక, "గొలుసు?" అన్నాను.

"ఉందమ్మా" అంది.